అన్నయ్య అడగలేదు

ఆగస్టు 4

ఈరోజు పన్నెండు కిలోమీటర్లు. ఎడమ మోకాలు చివర్లో కాస్త గొణిగింది, అంతే.

పరుగు అయిపోయాక కూడా కాళ్లు ఊరుకోవడం లేదు. షాపులో స్టూలు మీద కూర్చుని ఒకాయన కళ్లజోడుకి స్క్రూ బిగిస్తుంటే కింద నా పాదం దానంతటది ఆడుతూనే ఉంది. యజమాని చూసి, "ఏంటమ్మా, కుట్టుమిషను తొక్కుతున్నావా?" అన్నాడు.

పేరు ఇచ్చేశాను. నవంబరు ఆఖరి ఆదివారం. సగం కాదు, పూర్తి మారథాన్, నలభై రెండు కిలోమీటర్లు. ఈ వయసులో.

ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? నేను ఏం చదవాలో అన్నయ్య చెప్పాడు. ఎవర్ని చేసుకోవాలో అన్నయ్య చెప్పాడు. ఆ పెళ్లి పెటాకులైతే ఏ లాయరు దగ్గరికి వెళ్లాలో కూడా అన్నయ్యే చెప్పాడు. పరిగెత్తమని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 9

రిపోర్టులు వచ్చాయి. నా కిడ్నీ అన్నయ్యకి సరిపోతుందట.

మార్చిలో అన్నయ్య కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. అమ్మది ఇచ్చే వయసు కాదు. వదిన రక్తం గ్రూపు వేరు. ఇక మిగిలింది నేనే.

అమ్మ ఫోనులో ఏడ్చింది. సంతోషం పట్టలేక. మధ్యలో వదిన ఫోను లాక్కుని, "చిన్నీ, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు" అంది. ఆ మాట కూడా గుసగుసగానే. వదిన స్కూల్లో లైబ్రేరియను. ఇన్నేళ్లుగా పుస్తకాల మధ్య పనిచేసి పనిచేసి ఆనందమైనా కోపమైనా ఆ గొంతులోనే చెప్తుంది.

"అన్నయ్య ఏమన్నాడు?" అని అడిగాను.

"ఆయనేమంటారు, తెలుసుగా. పేపరు చదువుకుంటున్నారు."

అన్నయ్య అడగలేదు.

ఆగస్టు 10

ఎనిమిది పరిగెత్తాలి. పద్నాలుగు పరిగెత్తాను.

ఆగస్టు 18

పొద్దున్నే మా గుంపుతో నది పక్క రోడ్డు మీద పద్దెనిమిది. గుంపు అంటే పదిమందిమి, కానీ చివరిదాకా నా పక్కన ఉండేది డ్రైవింగ్ టీచరే. ఆవిడకి సొంత డ్రైవింగ్ స్కూలు ఉంది. పరుగు కూడా కారు నడిపినట్టే నేర్పుతుంది. "సెకండ్ గేరులోనే ఉండు. ఎత్తు వస్తోంది, ఇప్పుడు రేజ్ చేయకు. పక్కవాడు ఓవర్‌టేక్ చేస్తే చెయ్యనీ, నీ సొమ్మేం పోయింది?" రెండుసార్లు మారథాన్ పూర్తిచేసిన మనిషి. ఈవిడ ఉంటే నవ్వుతూ పరిగెడతాను.

అక్కణ్నుంచి అవే బట్టలతో అన్నయ్య ఇంటికి వెళ్లాను. తలుపు తీస్తూనే నా కాళ్ల వైపు చూశాడు.

"ఆ బూట్లేంటే, ఫైరింజను రంగులో?"

"పరిగెత్తడానికి."

"ఎవరు తరుముతున్నారు?"

సన్నబడ్డాడు. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. కరెంటు లేకపోతే పన్నెండు అంతస్తులు మెట్లెక్కి వెళ్లి మిషను రూములో చూసొచ్చేవాడు. ఇప్పుడు తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా వచ్చి, కూర్చున్నాక ఊపిరి తీసుకుంటున్నాడు. చేతికి ప్లాస్టరు. నేను చూడకుండా చొక్కా చెయ్యి దింపుకున్నాడు.

వదిన నా కోసం గుడ్లు ఉడికించి పెట్టింది. "చూశారా అత్తయ్యా, ఎంత జాగ్రత్తో! పొద్దున్నే లేచి పరుగులు పెడుతోంది, వాళ్లన్నయ్యకి ఇవ్వడానికి ఒళ్లు సిద్ధం చేసుకుంటోంది." అమ్మ నా తల నిమిరింది.

నేను గుడ్డు తింటున్నాను. నోరు నిండుగా ఉంది. లేకపోతే చెప్పేదాన్నే.

ఆగస్టు 27

ఆపరేషను సెప్టెంబరులోనే చేయించేద్దామంటోంది అమ్మ. షాపులో సెలవు దొరకదు, డిసెంబరులో అయితే వీలవుతుందన్నాను. అది నిజమే. సీజను. కొత్త విద్యా సంవత్సరం పిల్లల కళ్లజోళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

విద్యా సంవత్సరం జూన్‌లోనే మొదలైందని అమ్మకి తట్టలేదు.

సెప్టెంబరు 6

వదిన షాపుకి వచ్చి వెళ్లిందట, నేను లేనప్పుడు. యజమానితో మాట్లాడిందట. "మీ అన్నయ్య సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా? ఎన్ని రోజులైనా తీసుకో. నీ స్టూలు ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. నాకు ఆయన మీద ఎందుకంత కోపం వచ్చిందో.

అక్టోబరు 21 అని తేదీ అనుకున్నారు.

సెప్టెంబరు 8

ఇరవై ఒకటి. సగం మారథాన్ దూరం. ఆగాలనిపించలేదు. టీచరమ్మ, "బ్రేకు వెయ్యి, బ్రేకు వెయ్యి" అని అరిచేదాకా ఆగలేదు.

సెప్టెంబరు 13

కిడ్నీ డాక్టరు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది. వదిన బయట కుర్చీలో ఉండిపోయింది. నా వయసే ఉంటుంది డాక్టరుకి. కళ్లజోడు ముక్కు మీద నిలవడం లేదు, ప్రతి రెండు మాటలకీ పైకి తోసుకుంటోంది. ముక్కు దగ్గరి మెత్తలు మారిస్తే సరిపోతుంది. చెప్పాలనుకుని ఊరుకున్నాను.

"మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?"

"అవును."

"ఎవరైనా బలవంతపెడుతున్నారా?"

"లేదండీ. అన్నయ్య అయితే అడగను కూడా అడగలేదు."

"నేను అడిగింది ఆయన గురించి కాదు" అంది. కళ్లజోడు మళ్లీ పైకి తోసుకుంది. తర్వాత చెప్పింది: "చివరి నిమిషంలో మనసు మారినా పర్వాలేదు. నాకొక్క మాట చెప్పండి చాలు. మీ వాళ్లతో, 'ఈవిడ ఇవ్వడం కుదరదు' అంటాను. ఎందుకని అడిగితే చెప్పను. అది మీకూ నాకూ మధ్య ఉంటుంది."

నేను నవ్వాను. అలాంటిదేమీ లేదన్నాను.

లేవబోతూ అడిగాను, ఆపరేషను తర్వాత పరిగెత్తొచ్చా అని.

"కొన్ని నెలలు ఆగితే హాయిగా పరిగెత్తొచ్చు. ఇచ్చాక మారథాన్లు పరిగెత్తినవాళ్లు ఉన్నారు."

మంచి మాట. సంతోషించాల్సిన మాట.

సెప్టెంబరు 15

"ఆపరేషను అయితే ఇక నా పరుగు అయిపోయినట్టే" అని టీచరమ్మతో అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

ఎందుకలా అన్నాను?

సెప్టెంబరు 22

ఇరవై నాలుగు.

సెప్టెంబరు 28

అమ్మ పక్కింటావిడకి నన్ను చూపించి, "ఇదిగో, ఇదే ఇస్తోంది" అంది. ఇదే. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, సరిగ్గా నడుము దగ్గర చూపు ఆపింది. ఆ చూపు ఇంటికొచ్చాక కూడా అక్కడే అతుక్కుని ఉంది. స్నానం చేశాను. మళ్లీ బట్టలు వేసుకుని పరుగుకి వెళ్లాను.

అక్టోబరు 3

డాక్టరుకి ఫోన్ చేశాను.

"ఆలోచించే చెప్తున్నారా?" అంది.

అవునన్నాను.

"సరే" అంది.

అంతే. నేల కుంగిపోలేదు. షాపుకి వెళ్లాను. ఒక ముసలాయనకి దూరం చూపు పరీక్ష చేశాను. చివరి వరస చదవలేక, "ఇది మీరు పెట్టారా, లేక నాకే కనబడట్లేదా?" అని అడిగాడు. నవ్వాను కూడా.

అక్టోబరు 5

వాళ్లకి డాక్టరు చెప్పేసింది. ఈవిడ ఇవ్వడం కుదరదు, కారణం ఆవిడ సొంత విషయం అని.

తిడతారనుకున్నాను. అనుమానిస్తారనుకున్నాను. ఏడుస్తారనుకున్నాను, అన్నయ్య కోసం.

సాయంత్రం అమ్మా వదినా ఇద్దరూ వచ్చారు. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నీకేమైంది తల్లీ? ఆ స్కానులో ఏం కనబడింది?" అంది. నాకు అర్థం కావడానికి ఓ నిమిషం పట్టింది. నా గురించి ఏడుస్తోంది. నాకేదో జబ్బుందని.

"ఏమీ లేదమ్మా. చిన్నదే."

చిన్నదే, అన్నాను. ఏమీ లేదని అక్కడితో ఆపాల్సింది.

వదిన ఇల్లు ఊడ్చి, గిన్నెలు కడిగి, దుప్పటి మార్చి వెళ్లింది. వద్దన్నా వినలేదు. గుమ్మం దగ్గర ఆగి, "మా గొడవలో పడి నీ ఒంటి సంగతి ఎవరం పట్టించుకోలేదు" అంది.

అక్టోబరు 6

అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్య తనంతట తాను ఫోన్ చేయడు.

"ఏంటి విషయం?"

"ఏం లేదన్నయ్యా."

"నా దగ్గర దాచకు. ఏ డాక్టరు కావాలన్నా చూపిద్దాం. నా సంగతి వదిలెయ్, నాకు మిషను ఉంది."

"నిజంగా ఏం లేదు."

"ఆ పరుగులు మానెయ్. ఈ రోజే. విన్నావా? ఒంట్లో బాగాలేనప్పుడు ఆ పిచ్చి పనులేంటి? మాటివ్వు."

ఇచ్చాను.

అక్టోబరు 8

నది పక్క రోడ్డు మీద అన్నయ్యకి తెలిసినవాళ్లు నడవడానికి వస్తారు. గోడౌన్ల వెనక రోడ్డులో పరిగెత్తాను. అక్కడ లారీలు తప్ప ఎవరూ ఉండరు. కుక్కలు తరిమాయి. ఎవరు తరుముతున్నారని అన్నయ్య అడిగాడుగా, ఇదిగో, కుక్కలు.

అక్టోబరు 13

ఇరవై ఎనిమిది. గోడౌన్ల రోడ్డు చిన్నది. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కాపలావాడు, "ఏదైనా పోగొట్టుకున్నావా అమ్మా?" అని అడిగాడు.

అక్టోబరు 17

వదిన ఒక పుస్తకం పంపింది, స్కూలు లైబ్రరీది. రక్తహీనతని ఆహారంతో నయం చేసుకోవడం గురించి. నా జబ్బు అదేనని తనే తేల్చేసుకున్నట్టుంది. లోపల పెన్సిలుతో గీతలు గీసింది. లైబ్రరీ పుస్తకాల్లో ఎవరైనా గీతలు గీస్తే వదిన ఊరుకోదు, పిల్లల చేత రబ్బరు పెట్టి తుడిపిస్తుంది.

చదవలేదు. సోఫా కింద పెట్టాను.

అక్టోబరు 21

ఈరోజు కావాల్సింది.

పరుగు లేదు. షాపు లేదు. ఇంట్లో ఇటునుంచి అటు నడిచాను. కిటికీలు తుడిచాను. ఫోన్ చేస్తే వదిన చెప్పింది, "మిషను మీద ఉన్నారు, ఈరోజు బీపీ పడిపోయింది, మళ్లీ లేచింది" అని. మళ్లీ నన్నే అడిగింది, "నువ్వు మందులు వేసుకుంటున్నావా?"

నవంబరు 3

ముప్పై రెండు. ఇంతకన్నా ఎక్కువ పరిగెత్తనక్కర్లేదట, మిగతాది ఆ రోజు దానంతటదే వస్తుందట. టీచరమ్మ అడిగింది, "ఆపరేషను అయిందా, కాలేదా? నువ్వేంటి, నీ మాటేంటి?"

"కుదరదన్నారు."

"నీకా? గుర్రంలా ఉన్నావు, నీకేం కుదరదన్నారు?"

బాటిలు మూత తిప్పుతూ నిలబడ్డాను. రోజూ అంత మాట్లాడే మనిషి, తిరుగు దారిలో కిక్కురుమనలేదు.

నవంబరు 12

నిజానికి నేను చేసిన తప్పేముంది? డాక్టరే చెప్పింది, చివరి నిమిషంలోనైనా వద్దనొచ్చని. అది నా హక్కు. ఎవరి ఒళ్లు వాళ్లది. అన్నయ్య అడగలేదు. అడిగి ఉంటే వేరే సంగతి.

నవంబరు 13

అడిగి ఉంటే?

నవంబరు 19

మోకాలు. ఐసు. పరుగు ఇంకా ఐదు రోజులు ఉందనగా ఇప్పుడా.

నవంబరు 22

శనివారం, ఆదివారం సెలవు కావాలని యజమానిని అడిగాను. ఎందుకని అడిగితే నిజం చెప్పాను. ఆయనతోనైనా ఒకటి నిజం చెప్పాలనిపించింది. తెగ సంబరపడ్డాడు. "నలభై రెండా! నేను బస్సులో కూడా అంత దూరం కూర్చోలేను" అన్నాడు.

నవంబరు 25, సోమవారం

నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయాను. ఈరోజు మంచం మీద కూర్చునే రాస్తున్నాను, లేస్తే కాళ్లు ఒప్పుకోవడం లేదు.

ఇంకా చీకటి ఉండగానే మైదానంలో చేరాం. వేలమంది. అందరూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, చేతులు విదిలిస్తూ, జోకులకి అక్కర్లేనంత గట్టిగా నవ్వుతూ. నెలల తరబడి నేనొక్కదాన్నే ఇలా నిలకడ లేకుండా తిరుగుతున్నాననుకున్నాను. అక్కడ అందరూ నాలాగే ఉన్నారు. టీచరమ్మ నా ఛాతీ మీద నంబరుకి పిన్నులు సరిచేసి, "సెకండ్ గేరు. మర్చిపోకు" అంది.

మొదటి సగం అసలు గుర్తులేదు. గాలి చల్లగా ఉంది. మోకాలు మాట్లాడలేదు. పిల్లలు రోడ్డు పక్కన నిలబడి చేతులు చాపితే వాళ్ల అరచేతులు తడుతూ పోయాను. సగం దాటాక టీచరమ్మ కండరం పట్టేసింది. "నువ్వు పో, నా బండి ఆగింది" అని పక్కకి తప్పుకుంది. ఇరవై ఐదు, ఇరవై ఆరు... ఎండ పైకి వచ్చింది. ముప్పై దాటాక ఒంట్లో ఎవరో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నట్టనిపించింది. తొడలు రాళ్లయ్యాయి. ముందు వెళ్తున్నాయన ఉన్నట్టుండి రోడ్డు అంచున కూర్చుని ఏడ్చేశాడు. ఎవరూ వింతగా చూడలేదు.

ఫ్లైఓవరు దిగాక నీళ్ల బల్ల ఉంది. దాని పక్కన వదిన నిలబడి ఉంది.

స్కూలుకి వేసుకెళ్లే చెప్పులు, భుజాన బ్యాగు. ముందు నేను నమ్మలేదు, కళ్లు తిరుగుతున్నాయేమో అనుకున్నాను. అప్పుడు తను నన్ను చూసింది.

"ఆగు" అంది.

ఆగలేదు. ఆగితే మళ్లీ కదలలేనని తెలుసు. వదిన నా పక్కనే నడవడం మొదలుపెట్టింది. నేను పరుగనుకుంటున్నది వదిన నడకకి సమానంగా ఉంది.

"నిన్న పళ్లు ఇద్దామని షాపుకి వెళ్లాను" అంది, గుసగుసగానే. "మీ యజమాని చెప్పాడు. రేపు మా అమ్మాయి నలభై రెండు కిలోమీటర్లు పరిగెడుతోందని. నేను నమ్మలేదు. పొద్దుటినుంచి ఇక్కడే నిలబడ్డాను, నువ్వు రాకూడదని అనుకుంటూ."

నేను రోడ్డు వైపే చూస్తూ అడుగులు వేశాను.

"నీ ఒంట్లో ఏముంది చిన్నీ?"

చెమట కళ్లలోకి కారింది, మోచేత్తో తుడుచుకున్నాను.

"గుండెనా? రక్తమా? మీ అన్నయ్య నీకు తెలియకుండా ముగ్గురు డాక్టర్లకి ఫోన్లు చేశారు, మా చెల్లెలికి ఏమై ఉంటుందని. మిషను మీద పడుకుని కూడా అదే. ఏముంది నీకు?"

"ఏమీ లేదు వదినా."

"ఏమీ లేదా?"

"నేనే వద్దన్నాను."

వదిన నడుస్తూనే ఉంది. బ్యాగు భుజం మీంచి జారింది, చేత్తో పట్టుకుంది. కొంతదూరం ఇద్దరం అలాగే వెళ్లాం. పక్కనుంచి ఎవరో, "బాగా చేస్తున్నారు, వదలకండి" అని మమ్మల్ని ఉత్సాహపరిచారు.

అప్పుడు వదిన అరిచింది. మా ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ గొంతు నేను వినలేదు.

"మరి నాతో చెప్పొచ్చుగా! వద్దంటే వద్దని చెప్పొచ్చుగా! నువ్వున్నావని కూర్చున్నాం! ఇంకో దారి ఒక్కటి కూడా వెతకలేదు, చిన్నీ ఉందిగా, చిన్నీ ఉందిగా అని! ఆ తర్వాత చిన్నీకి బాగాలేదని! ఎన్ని నెలలు పోయాయో తెలుసా నీకు?"

అరటిపండ్లు పంచుతున్న అమ్మాయి పండుతో చాచిన చేయి అలాగే ఉంచి మమ్మల్ని చూస్తోంది. వదిన ఆగిపోయింది. రొప్పుతోంది. నేను కూడా ఆగాను.

"ఎందుకాగావు?" అంది. గొంతు మళ్లీ కిందికి దిగిపోయింది. "పో. ఇంతదాకా వచ్చింది దీనికేగా. పో."

మిగతా దూరం ఎలా వెళ్లానో తెలియదు. నడిచాను ఎక్కువగా. ఏడ్చాను, అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. గీత దాటాను. ఒకమ్మాయి మెడలో పతకం వేసి, "కంగ్రాట్స్ మేడమ్" అంది. ఇన్నాళ్లూ ఈ క్షణం కోసం నా మనసులో ఒక బొమ్మ గీసుకుని ఉంచుకున్నాను. చేతులు పైకెత్తడం, అదీ ఇదీ. కంచె పట్టుకుని నిలబడి వాంతి చేసుకున్నాను.

ఆటో ఎక్కి అన్నయ్య ఇంటికి వెళ్లాను.

మెట్లు ఎక్కడానికి రెండు చేతులతో కడ్డీ పట్టుకోవాల్సి వచ్చింది. తలుపు అన్నయ్యే తీశాడు. వదిన అంతకుముందే వచ్చి చెప్పేసిందని ముఖం చూడగానే అర్థమైంది. లోపలి గది తలుపు వేసి ఉంది. అమ్మ కనబడలేదు.

అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. నేను నేల మీద కూర్చోబోయి సగంలో ఆగిపోయాను, మోకాళ్లు వంగలేదు. "గోడకి ఆనుకుని జారు" అన్నాడు. జారాను.

"పూర్తిచేశావా?"

"ఆ."

"నెలన్నర" అన్నాడు. "నెలన్నర నుంచీ నీకు ఏదో అయిందని నాకు నిద్ర లేదు. నేను పోతే అమ్మని నువ్వు చూసుకుంటావులే అనుకునేవాణ్ని. నువ్వూ పోతే ఎలాగా అని లెక్కలు వేశాను. అంత అవసరమా? ఇవ్వనని చెప్తే బాధపడేవాణ్ని. కోపం కూడా వచ్చేది. ఓ వారం. అంతేగా?"

"తప్పయింది అన్నయ్యా."

"తప్పు సంగతి తర్వాత. ఇప్పుడు చెప్పు. డాక్టరు చెప్పింది విన్నాను. నువ్వు చెప్పు."

ఇంత దూరం పరిగెత్తి వచ్చి ఆ ఒక్క మాట అనడానికి ఊపిరి చాల్లేదు.

"నాకు ఇవ్వాలని లేదు."

"ఎందుకని?"

"తెలియదు. భయం ఉంది. కానీ ఉత్త భయమే అయితే ఇచ్చేసేదాన్నేమో. నన్ను ఎవరూ... ఇదే ఇస్తోంది అని అమ్మ పక్కింటావిడకి చూపించింది. ఆ రోజు నుంచీ నా ఒళ్లు నాది కానట్టు ఉంది. నువ్వు కూడా అడగలేదు."

అన్నయ్య చాలాసేపు చేతి ప్లాస్టరు అంచు గోకుతూ ఉన్నాడు.

"నేను ఎందుకు అడగలేదనుకున్నావు? పెద్ద మనసా? అడిగితే నువ్వు కాదనవు, నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ నా మాట ఎప్పుడు కాదన్నావు? అమ్మ అడుగుతోంది, మీ వదిన అడుగుతోంది. ఇక నేనెందుకు అడగడం? అడక్కపోతే కిడ్నీ వస్తుంది, మంచివాణ్ననే పేరూ ఉంటుంది. అదీ సంగతి."

నేను తలెత్తి చూశాను. నవ్వడం లేదు.

"అడగాల్సింది" అన్నాడు. "అడిగితే కాదనడానికి నీకు వీలుండేది."

తర్వాత, "మంచినీళ్లు తాగావా?" అని లేవబోయాడు. నేను లేద్దామంటే కాళ్లు రాలేదు. ఆయన లేద్దామంటే ఊపిరి అందలేదు. ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. చివరికి లోపలి నుంచి అమ్మ వచ్చి రెండు గ్లాసులు మా మధ్య ఠక్కున పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

వదిన తలుపు తీయలేదు.

డిసెంబరు 2

పరుగు లేదు. ఏం చేయాలో తోచడం లేదు. పతకం సొరుగులో పెట్టాను.

డిసెంబరు 6

డాక్టరుకి ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. ఇస్తానని చెప్దామనా? అన్నయ్యకి తెలిస్తే తీసుకోడు. తీసుకోడని తెలిశాకేగా తీశాను ఫోను?

డిసెంబరు 11

అన్నయ్య మెసేజి పెట్టాడు. "మీ వదిన డాక్టరుతో పోట్లాడి వచ్చింది. వివరాలు తనే చెప్తుందట. నాకు చెప్పే ధైర్యం లేదు."

డిసెంబరు 12

తెల్లవారకముందే బెల్లు మోగింది. తలుపు తీస్తే వదిన. కాళ్లకి కొత్త బూట్లు, తెల్లవి, లేసులు మరీ బిగించి కట్టుకుంది. నా ముఖంలోకి చూడలేదు, తలుపు మీది నంబరు చూస్తూ చెప్పింది.

"నాది ఆయనకి పనికిరాదు సరే, లోకంలో ఇంకెవరికైనా పనికొస్తుందా అని డాక్టరుని అడిగాను. వస్తుందంది. మాలాగే ఇంకో జంట ఉందట, అక్కడ భార్యకి కావాలి, భర్తది ఆవిడకి సరిపోదు. ఆయనది మీ అన్నయ్యకి సరిపోవచ్చట. నాది ఆవిడకి. ఇచ్చిపుచ్చుకోవడం. పరీక్షలు జరుగుతున్నాయి."

"వదినా..."

"ఆగు, నా మాట అయిపోలేదు. నా బరువు ఎక్కువట, బీపీ కూడా. రెండూ దిగితే గానీ నన్ను బల్ల ఎక్కించరట. రోజూ గంట నడవాలి. ఒక్కదాన్నే నడిస్తే మధ్యలో కూర్చుంటాను, నా సంగతి నాకు తెలుసు." అప్పుడు చూసింది నా వైపు. "నడిపించు."

చెప్పులు వెతుక్కుంటుంటే వెనకనుంచి అంది, "క్షమించానని అనుకోకు."

"అనుకోను."

"మాట్లాడను కూడా."

"సరే వదినా."

డిసెంబరు 20

రోజూ నడుస్తున్నాం. నిజంగానే మాట్లాడదు. నా కాళ్లు ముందుకు పోతుంటాయి, ఆగి ఆగి నడవాలి. ఈరోజు ఒకసారి మాత్రం, "అంత ఎగురుతావేంటి, నేలేమైనా కాలుతోందా?" అంది. దాన్ని మాట కింద లెక్కేసుకున్నాను.

జనవరి 9

పరీక్షలు సరిపోయాయి. నాలుగూ.

జనవరి 26

ఎత్తు రోడ్డు ఆగకుండా ఎక్కింది. పైన నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుని ఊరంతా చూసింది. చాలా బాగుంది వదినా అన్నాను. జవాబు లేదు. కానీ కిందికి దిగకుండా ఇంకోసారి ఎక్కుదామని వేలు చూపించింది.

ఫిబ్రవరి 15

అన్నయ్య పడిపోయాడు, బాత్రూములో. నుదుటికి కుట్లు. డిసెంబరులోనే అయిపోయి ఉండేది. అక్టోబరులోనే. ఈ వాక్యం నేను ఎటు తిప్పి రాసినా అలాగే ఉంటోంది.

వదిన పొద్దున నడకకి వచ్చింది. గంటసేపూ ఒక్క మాట లేదు. నేను కూడా మాట్లాడలేదు.

మార్చి 3

డాక్టరు సరేనంది. బరువు, బీపీ. పన్నెండో తేదీ.

మార్చి 12

ఆసుపత్రి. నాలుగు గదులు, నలుగురు మనుషులు ఒకేసారి. బయట నేనూ అమ్మా, అటువైపు ఇంకో కుటుంబం. వాళ్లూ మేమూ ఒకళ్లనొకళ్లం దొంగచూపులు చూసుకుంటున్నాం. కూర్చోలేక వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిరిగాను. ఆ కుటుంబంలో ఒకాయన కూడా తిరుగుతున్నాడు. మధ్యలో ఎదురుపడ్డప్పుడల్లా తప్పుకుంటున్నాం.

సాయంత్రం డాక్టరు వచ్చింది. నలుగురూ బాగున్నారు. అన్నయ్యకి పెట్టిన కిడ్నీ అక్కడే బల్ల మీదే పని మొదలుపెట్టిందట. అమ్మ నా చేయి పట్టుకుంది. అక్టోబరు తర్వాత ఇదే మొదటిసారి.

మార్చి 14

ఈరోజు వదినని లేపి నడిపించమన్నారు. నర్సు ఒక పక్క పట్టుకోబోతే, "నువ్వొద్దమ్మా, ఇదుంది" అంది నన్ను చూపించి.

నా భుజం మీద బరువంతా వేసింది. ఒక అడుగు. ఇంకొకటి. గోడ పక్కనే. అన్నయ్య గది ఆ చివర ఉంది, అద్దంలోంచి చూడనిస్తారు. వదిన నుదుటి మీద చెమట. పెదవి కొరుక్కుంటోంది. నా భుజం మీద వేళ్లు గుచ్చుకుంటున్నాయి.

"వదినా, నొప్పిగా ఉందా? కాస్త ఆగుదామా?"

"వద్దు" అంది గుసగుసగా. "ఆగితే నువ్వు మాట్లాడతావు. నడు."